బాబాయ్ క్యాలెండర్, నా షీటు

దసరా వెళ్ళిన మర్నెల, జీతాలు ఇచ్చిన రెండో రోజు, గోదాంలో పనిచేసే బాబాయ్ నా టేబుల్ దగ్గరికొచ్చి చుట్టచుట్టిన కాగితం ఒకటి పెట్టాడు. విప్పితే గోడ క్యాలెండర్‌లోంచి చింపిన పేజీ. ప్రతి తేదీ గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం పోగా మిగిలిన బొటనవేలంత జాగాలో నీలం బాల్‌పెన్‌తో అంకెలు: 10.45, 11, 10.30, మళ్ళీ 11. దుర్గాష్టమి గడిలో మాత్రం 12.10 అని ఉంది, కింద గీత కూడా కొట్టాడు.

"అమ్మా, ఓవర్‌టైము కింద నూట యాభై రెండు రూపాయలు వేశారు. నా లెక్కకి ఇరవై ఏడున్నర గంటలొచ్చింది. ఎక్కడో తేడా పడినట్టుంది, ఒకసారి చూడమ్మా."

గట్టిగా కూడా అడగలేదు. తన కూడికే తప్పేమో అన్నట్టు అడిగాడు.

నేను విజయవాడలో నాలుగైదు షాపులకి లెక్కలు రాస్తాను. బీకాం చదివి, కొన్నాళ్ళు ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేసి, తర్వాత సొంతంగా మొదలుపెట్టాను. జీఎస్టీ, పీఎఫ్, జీతాల పట్టీ, బ్యాంకు పనులు అన్నీ నేనే చూస్తాను. బాబాయ్ పనిచేసేది బీసెంట్ రోడ్డు దగ్గర్లోని ఒక బట్టల షాపులో. పైన షాపు, వెనక గోదాం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా డ్యూటీ. పండగ రోజుల్లో తొమ్మిదిన్నర దాటితే ఓవర్‌టైము, అంటే ఓటీ. బాబాయ్ జీతం 15,600.

ఆయన ముందే షీటు తెరిచాను. ఓటీ మొత్తం గడిలో 3:30 అని కనిపిస్తోంది. ఒక్కో రోజూ చూస్తే గంటా పదిహేను నిమిషాలు, గంటన్నర, రెండు గంటల నలభై అలా ఉన్నాయి. ఇరవై రోజులవి కూడితే మూడున్నర గంటలెలా అవుతుంది? ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

జీతాల షీట్లు చేసేవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను, ఇది నేనొక్కదాన్నే చేసే తప్పు కాదు. ఎక్సెల్‌లో టైము అంటే రోజులో ఒక భాగం. పన్నెండు గంటలంటే దాని దృష్టిలో 0.5. గంటలు, నిమిషాలు చూపించే మామూలు ఫార్మాట్ పెడితే గోడ గడియారం లాగే 24 దాటగానే మళ్ళీ సున్నా నుంచి చూపిస్తుంది. 27:30లో ఒక రోజు పోగా మిగిలింది 3:30, అదే పైకి చూపించింది. ఫార్మాట్‌లో గంటల అక్షరం చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే 27:30 అని పూర్తిగా కనిపిస్తుంది. డబ్బులు కట్టాలంటే ఆ గడిని 24తో గుణించి, అప్పుడు గంట రేటుతో గుణించాలి. లోపల లెక్క సరిగ్గానే ఉంది పాపం. పైకి కనిపించిన మూడున్నరని కంటితో చూసి పట్టీలో చేత్తో కొట్టిన బుద్ధిమంతురాలిని నేను.

దీనికి అన్నదమ్ముడి లాంటి తప్పు ఇంకొకటుంది. ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాల్ని 8.45 అని రాసి, దాన్నే రేటుతో గుణించేయడం. నిజానికి అది 8.75. రోజుకి పద్దెనిమిది నిమిషాలు ఎవరూ తీయకుండానే పోతాయి. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు పుస్తకాల్లో ఇది చూశాను. అక్కడి మేస్త్రీ కూడా అలాగే రాసుకుంటున్నాడు కాబట్టి ఇద్దరి లెక్కా చక్కగా కలిసింది, గొడవే రాలేదు.

సరే, బాబాయ్ సంగతి. ఓనర్ గారితో చెప్పాను. మంచి మనిషి, దాచుకోవాల్సిన అవసరం లేదు. "అయ్యో, పండగపూట ఎందుకమ్మా అలా" అని, షాపు రేటు ప్రకారం 27.5 గంటలకి 1,192 అయితే, ముందిచ్చిన 152 తీసేసి మిగతా 1,040 అప్పటికప్పుడే గల్లాపెట్టెలోంచి తీసి ఇప్పించారు. బాబాయ్ డబ్బు లెక్కపెట్టుకుని, క్యాలెండర్ పేజీ మళ్ళీ చుట్టచుట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోవాలి. కానీ ఆ సాయంత్రం, చేసిన తప్పుకి భయపడి షీటులో ప్రతి గడీ నొక్కి చూస్తుంటే, ఓటీ రేటు గడిలో ఏముందో మొదటిసారి శ్రద్ధగా చదివాను. 15,600 భాగించు 30, భాగించు 12. గంటకి 43 రూపాయల 33 పైసలు. నా ముందు పనిచేసినాయన పెట్టిన ఫార్ములా. నేను వచ్చిన రోజు నుంచి కిందికి లాగుతున్నానే తప్ప, ఎందుకలా అని ఎప్పుడూ అడగలేదు.

చట్టం ప్రకారం ఎంత కట్టాలో చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండాలని జీతమంతా బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కిందే అనుకుందాం. కనీస వేతనాల ఉత్తర్వుల్లో నెల జీతం నుంచి రోజు కూలీ తీయడానికి 26తో భాగిస్తారు. గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఇచ్చే డబ్బు) లెక్కలోనూ అదే 26. ముప్పై రోజుల్లో నాలుగు వారపు సెలవులు తీసేస్తే మిగిలేది అంతే కదా. 15,600ని 26తో భాగిస్తే 600. దాన్ని రోజు పని గంటలు ఎనిమిదితో భాగిస్తే గంటకి 75. ఓటీకి రెట్టింపు, అంటే 150. ఫ్యాక్టరీలకి 1948 చట్టం నుంచీ ఉన్న రూలు ఇది. షాపులకి మన రాష్ట్రంలో 1988 నాటి చట్టం వేరే ఉంది, అందులోనూ రెట్టింపే.

బాబాయ్ ఇరవై ఏడున్నర గంటలకి ఇప్పుడు మూడు అంకెలున్నాయి. నా తప్పుతో 152. షాపు లెక్కతో 1,192. చట్టం లెక్కతో 4,125. మొదటి దానికీ రెండో దానికీ తేడా వస్తే అందరం కంగారు పడ్డాం, సారీలు చెప్పాం, గల్లాపెట్టె తెరిచాం. రెండో దానికీ మూడో దానికీ మధ్య 2,933 రూపాయలుంది. దాని గురించి ఎవరికీ ఏ టెన్షనూ లేదు, ఎందుకంటే అది తప్పులా కనిపించదు. ఫార్ములాలా కనిపిస్తుంది.

నా గొడవంతా ఇదే. ఓటీ అనగానే అందరూ రెట్టింపా, ఒకటిన్నరా, మామూలు రేటా అని రేటు దగ్గరే వాదించుకుంటారు. అసలు డబ్బు పోయేది అంతకు ముందే. దేంతో భాగించాలి, రోజు ఎక్కడ మొదలైనట్టు, భోజనం టైము ఎంత, పావుగంటని ఎటు సర్దాలి, ఇవన్నీ ఎవరో ఒకరు ఒకరోజు కూర్చుని తేల్చినవే. తేల్చిన మనిషి వెళ్ళిపోతాడు, అంకె మిగిలిపోతుంది. తర్వాత వచ్చిన నాలాంటిది దాన్ని కిందికి లాగుతూ పోతుంది.

భోజనం సంగతే తీసుకోండి. షాపు చట్టంలో కొన్ని గంటలు ఏకబిగిన పనిచేయించాక గంట విశ్రాంతి ఇవ్వాలి. ఫ్యాక్టరీల్లో అరగంట. ఆ గంటకి జీతం లేదు, న్యాయమే. మా షీటులో ప్రతి రోజూ, ప్రతి మనిషికీ ఆ గంట దానంతటదే తీసేసేలా ఉంది. పండగ సీజన్‌లో ఒక మధ్యాహ్నం గోదాంలోకి వెళ్ళాను. బాబాయ్ బేళ్ళ మీద న్యూస్ పేపర్ పరిచి క్యారేజీ విప్పాడు. పప్పన్నం కలిపి రెండు ముద్దలు పెట్టుకున్నాడో లేదో పైనుంచి ఫోను, "బాబాయ్, పట్టు పావడాల కట్ట పైకి పంపు." ఎడమ చేత్తో క్యారేజీ మీద మూత పెట్టి, ఎంగిలి చేతిని అలాగే దూరంగా పట్టుకుని, మోచేత్తో కట్టని లిఫ్ట్‌లోకి నెట్టాడు. తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆ అన్నం తినడంలో మొత్తం మూడుసార్లు లేచాడు. చేయి కడుక్కుని పనిలో పడేసరికి ఇరవై నిమిషాలు.

షీటులో గంట పోయింది, ఆయన తీసుకున్నది ఇరవై నిమిషాలు. నలభై నిమిషాలు నెలకి 26 రోజులు కడితే 17 గంటల 20 నిమిషాలు. గంటకి 75 చొప్పున 1,300, ఓటీ కింద వేస్తే 2,600. నన్నడిగితే ఆ ఇరవై నిమిషాలు కూడా విశ్రాంతి కాదు. పిలిస్తే లేవాల్సిన మనిషి డ్యూటీలో ఉన్నట్టే.

ఇక పంచింగ్ మిషను. తొమ్మిదిన్నర దాటి అయిదు నిమిషాలైతే లేటు, మూడు లేట్లు కలిపితే అర రోజు కట్. రాత్రి మాత్రం అరగంట పూర్తి కాకపోతే ఓటీ లేదు. అంటే పొద్దున అయిదు నిమిషాలకి లెక్క ఉంది, రాత్రి ఇరవై తొమ్మిది నిమిషాలకి లేదు. గుండ్రంగా సర్దడం తప్పని అనను, నిమిషాలు పట్టుకుని ఎవరు వేలాడతారు? కానీ ఎప్పుడూ ఒకవైపే సర్దితే దానికి వేరే పేరుంది.

మా ఓనర్ గారి వాదన కూడా వినాలి. నేను దీనిమీద ఆయనతో కూర్చున్నప్పుడు ఆయన ఆవేశపడలేదు. "ఏమ్మా, మూఢాల్లో బేరాల్లేక వీళ్ళంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటే జీతం కట్ చేశానా? కరోనాలో షట్టర్ దించేసినప్పుడు సగమన్నా ఇచ్చానా లేదా? ఇప్పుడు నాలుగు రోజులు సీజనొస్తే గంటలు లెక్కపెడతావా?" అన్నారు. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. లాక్‌డౌన్‌లో ఆయన ఇచ్చింది నిజం, నా పుస్తకాల్లోనే ఉంది. పక్క షాపుల్లో ఇవ్వనివాళ్ళూ ఉన్నారు.

కానీ బేరం లేనప్పుడు కూర్చోవడం కూడా పనే. మూఢంలో బాబాయ్ ఇంటికెళ్ళి పడుకోలేదు. తొమ్మిదిన్నరకి వచ్చి తొమ్మిదిన్నర దాకా ఉన్నాడు. పైన కౌంటర్‌లో అమ్మాయిలైతే కూర్చోను కూడా లేదు, బేరం ఉన్నా లేకపోయినా నిలబడాల్సిందే. (షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చోవడానికి సీటు ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో రాసుకోవాల్సి వచ్చిందంటే ఆలోచించండి.) మనిషి టైము మన దగ్గర ఉంచుకున్నాం, అందులో బేరం వచ్చిందా లేదా అన్నది మన వ్యాపారం.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు, దాని మీద నేను రెండు రోజులు కూర్చున్నాను. "నేను పన్నెండు గంటలకే జీతం మాట్లాడుకున్నానమ్మా. ఎనిమిది గంటలకి కాదు."

సరే, ఆయన మాటే నిజమనుకుందాం. పన్నెండులో భోజనం గంట పోతే పదకొండు గంటల పని. వారానికి ఆరు రోజులు, 66 గంటలు. చట్టంలో వారానికి 48. అంటే తొమ్మిదిన్నర దాటక ముందే వారానికి 18 గంటల ఓటీ నడుస్తోంది, నెలకి 78. ఆ ఓటీ కూడా రెట్టింపు రేటుతో 15,600లోనే కలిసుంది అంటే, రోజుకి ఎనిమిది మామూలు గంటలు, మూడు గంటలకి రెట్టింపుగా ఆరు, మొత్తం పద్నాలుగు గంటల డబ్బు. 26 రోజులకి 364. 15,600ని దాంతో భాగిస్తే గంటకి 42.86. ఆ లెక్కన ఎనిమిది గంటల నెల జీతం 8,914 రూపాయలు! దాన్ని తీసుకెళ్ళి ప్రభుత్వం ఆరు నెలలకోసారి సవరించే కనీస వేతనాల పట్టిక పక్కన పెట్టి చూసుకోవాలి. ఈ లెక్క చూపించాక ఓనర్ గారు ఆ మాట మళ్ళీ అనలేదు. ఒప్పుకోనూ లేదు.

ఈ 48 అన్నది ఎవరో సరదాగా రాసిన అంకె కాదు. 1934 ఫ్యాక్టరీ చట్టంలో వారానికి 54 ఉండేది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన రోజుల్లో దాన్ని తగ్గించే పని జరిగి, 1946లో 48 అయింది. ఎనభై ఏళ్ళుగా అక్కడే ఉంది.

ఇప్పుడు మన రాష్ట్రంలో రోజు పరిమితి కదిలింది. 2025 జూన్‌లో మంత్రివర్గం, సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన సవరణల్లో ఫ్యాక్టరీల్లో రోజుకి 9 గంటలున్నది 10 అయింది. విరామానికి ముందు ఏకబిగిన పని 5 గంటల నుంచి 6కి, మూడు నెలల ఓటీ పరిమితి 75 గంటల నుంచి 144కి పెరిగాయి. వారానికి 48 మాత్రం అలాగే ఉంచారు. దీనిమీద యూనియన్లు ధర్నాలు చేశాయి, పరిశ్రమలు వస్తాయని ప్రభుత్వం అంటోంది. ఆ చర్చలో నాకు కనిపించనిది ఒకటుంది. 144ని మూడుతో భాగిస్తే 48. అంటే నెలకి ఇంకో వారం పని. రోజు పరిమితి పెంచి వారం పరిమితి ఉంచారంటే, కాపాడేది వారం మొత్తమే. మరి వారం మొత్తం ఎవరు వేస్తున్నారు? నేను రాసే అయిదు షాపుల్లో ఒక్కదాంట్లో కూడా వారం లెక్క లేదు. హాజరు పట్టీలన్నీ నెలవారీ. ఒకటో తేదీ బుధవారం వస్తే ఆ వారం రెండు పట్టీల మధ్య చీలిపోయి ఎవరి కంటా పడదు.

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. వేతనాల కోడ్‌లో జీతం స్లిప్ ఇవ్వాలని ఉంది, అలవెన్సులు సగానికి మించితే మించినదాన్ని వేతనంలో కలపాలని ఉంది. రెండోది ముఖ్యం. 6,000 బేసిక్ వేసి మిగతాదంతా రకరకాల అలవెన్సులు రాసి, ఓటీని ఆ ఆరు వేల మీద కట్టే షాపులకి అది దెబ్బే. కొందరు దీనికీ దారి వెతుక్కుంటారు, కౌంటర్ కుర్రాడికి సూపర్‌వైజర్ అని బ్యాడ్జీ పెట్టి ఓటీ లేదంటారు. పని మారదు, బ్యాడ్జీ మారుతుంది.

గుంటూరులో మా చిన్నమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆవిడకి ఇవన్నీ చెబితే నవ్వింది. "మాకు గంటలెక్కడివే, కిలోల లెక్క. ఎంత తీస్తే అంత." పొద్దున ఏడింటికి కూర్చుంటే చేతుల మంటతో పొద్దుగూకే దాకా. ఆ పని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇమడదు.

ఓటీ వద్దని అనడం లేదు. పనివాళ్ళకి ఓటీ కావాలి, లేకపోతే పక్క షాపుకి వెళ్ళిపోతారు. పండగ నెల ఓటీతోనే పిల్లల ఫీజు కట్టే ఇళ్ళు నాకు తెలుసు. అందుకే నేను అడిగేది చిన్నది. ప్రతి మనిషికీ స్లిప్ ఇవ్వండి. అందులో వచ్చిన టైము, వెళ్ళిన టైము, వారం మొత్తం, గంట రేటు ఎలా వచ్చిందో ఒక లైను ఉండాలి. ఇవ్వగలిగినంతే ఇస్తాం అంటారా, కనీసం ఎంత ఇవ్వడం లేదో కాగితం మీద ఉంటుంది. నూట యాభై రెండుని బాబాయ్ పట్టుకోగలిగాడంటే తన దగ్గర క్యాలెండర్ ఉంది కాబట్టి. అదే నెల మరో ముగ్గురికి కూడా 24 గంటలు దాటాయి. వాళ్ళెవరూ రాసుకోలేదు, వాళ్ళెవరూ రాలేదు. నేనే వెతికి ఇప్పించాల్సి వచ్చింది. అంతకు ముందు దసరాలకి ఏమైందో ఆ పాత షీట్లు నా దగ్గర లేవు.

స్లిప్పుకి ఓనర్ గారు ఒప్పుకున్నారు. స్లిప్ తయారుచేస్తుంటే ఇంకోటి బయటపడింది. ఓటీ గడిలో 30తో భాగిస్తున్నాం కదా, దానికి నాలుగు గడుల అవతల నాగా కట్ చేసే ఫార్ములా ఉంది. అందులో 26 ఉంది. మనిషి ఒక రోజు రాకపోతే 600 కోస్తున్నాం. అదే మనిషి ఎక్కువ పనిచేస్తే రోజుని 520 అనుకుని గంటలకి పంచుతున్నాం. ఒకే షీటు, ఒకే మనిషి, రెండు రకాల రోజులు!

ఇది చూపిస్తే ఎవరైనా కాదనలేరని సంబరపడుతూ ఆయన దగ్గరికెళ్ళాను. రెండు గడులకీ పసుపు రంగు కూడా వేశాను. కళ్ళజోడు పెట్టుకుని ఆ గడి, ఈ గడి మార్చి మార్చి చూశారు.

"నిజమేనమ్మా, ఇది అన్యాయం" అన్నారు. "రెండూ ఒకటే ఉండాలి. నాగా కూడా 30 చేసెయ్."

చేశాను. ఈ సంవత్సరం మొత్తం మీద బాబాయ్ పెట్టిన నాగాలు సున్నా.